ఫౌజు నుండి ఫ్యాక్టరీకి



సైన్యమున చేరువాని వయస్సు అందరికిని తెలియును. విడిచి వచ్చువాని వయస్సును గూర్చి మాత్రము చాలమంది యోచింపరు. సిపాయికి పింఛను రావలెనన్న 15 ఏండ్ల సేవ కావలెను. 18వ ఏట చేరి 17 ఏండ్లు పనిచేసినవాడు ఇంటికి వచ్చునప్పటికి వానికి 35 ఏండ్లు. ఆ వయస్సున బడిపంతులుకు గాని, బ్యాంకి గుమాస్తాకు గాని ఉద్యోగము నడిమి దారిలో నుండును. సిపాయికి అది ముగిసిపోవును. పిల్లలింకను చిన్నబడిలో నుందురు. తల్లిదండ్రులు పెద్దవారై యుందురు. అప్పుడు మొదలగు రెండవ జీవితమును గూర్చి, నా యనుభవమునుబట్టి కొన్ని మాటలు మీతో చెప్పుకొనవలెనని వచ్చితిని.

మాది సంగారెడ్డి ప్రాంతము. 2016 అక్టోబరు 11న వేరు జిల్లా యగునంతవరకు ఈ ఊరు మెదకు జిల్లాకు ముఖ్యపట్టణము. నేను 1979లో ఇచ్చటి ఉన్నత పాఠశాలలో పదవ తరగతి ముగించునాటికి బొంబాయి రోడ్డు వెంబడి రెండు లోకములుండెను. రామచంద్రాపురములోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, దాని దాపున కొత్తగా లేచుచున్న పారిశ్రామికవాడ ఒక లోకము. జొన్నయు, కందియు, చెరకును పండించు మా పల్లెలు రెండవది. పల్లె కుర్రవాడు ఆ మొదటి లోకములో అడుగు పెట్టవలెనన్న ఐ.టి.ఐ. పత్రమైన నుండవలెను, లేక లోపల తెలిసినవారైన నుండవలెను. నాకు రెండును లేవు.

1980లో సికిందరాబాదున సైన్యములోనికి మనుష్యులను తీసికొనుచున్నారని విని పోయితిని. పరుగు, ఎత్తు, ఛాతీ కొలత, వ్రాతపరీక్ష, వైద్యపరీక్ష అన్నియు గడచినవి. మా నాయన ఆ వార్త విని, "పదో తరగతి పాసైనోనికి గీ తుపాకి పనేంది బిడ్డా?" అని మాత్రమనెను. ఆయన యెరిగిన ఫౌజులో తుపాకి తప్ప వేరు పనిముట్టు లేదు. నిజమునకు నా చేతికి వచ్చినది తుపాకి కంటె పానాయే యెక్కువ. నన్ను ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల దళమునకు కేటాయించిరి. ఫౌజువారు దానిని ఇ.ఎం.ఇ. యందురు. దాని శిక్షణకేంద్రము మా యింటికి ఒక పగటి ప్రయాణమైనను లేని తిరుమలగిరిలోనే కలదు. ముందు కవాతు, తరువాత బండ్ల మరమ్మతు నేర్పిరి. అటుపిమ్మట గొలుసుబండ్లు గల పదాతి పటాలములకు జతపరచిన మరమ్మతు దళములో నన్ను వేసిరి.

ఫౌజనగానే యుద్ధము తలపునకు వచ్చుట సహజము. నా 17 ఏండ్ల సేవలో యుద్ధము చేసిన దినము ఒక్కటియు లేదు. చేసినదెల్ల, యుద్ధము వచ్చినచో బండి కదలవలెనని దానిని సిద్ధముగా నుంచుటయే. వారమున కొకసారి మెయింటెనెన్సు పరేడు జరుగును. ఆనాడు అధికారి మొదలు డ్రైవరు వరకు అందరును బండి చుట్టు చేరవలసినదే. ఏ బండికి ఎప్పుడు నూనె మార్చిరో, ఏ గొలుసు ఎంత బిగించిరో లాగుబుక్కులో వ్రాసి సంతకము చేయవలెను. ఆరు నెలలు మూలనుండు బండినైనను తప్పక నడిపించి చూడవలెను. బాగుగా నున్న దానిని మరల మరల చూచుట మొదట నాకు వృథాశ్రమగా తోచెను. రాజస్థాన్ ఎడారిలో రెండు వేసవులు గడచిన తరువాత ఆ శ్రమకు విలువ తెలిసినది. ఇసుక నూనెలో చేరుటకు ఎవరి యనుమతియు నడుగదు. బండి చెడిన తరువాత బాగుచేయువాడు మేస్త్రి. చెడకముందే చూచుకొనువాడు ఫౌజు మేస్త్రి. సైన్యము ఉన్నత పాఠశాల కుర్రవానికి ధైర్యము నిచ్చునందురు. నాకిచ్చినది ఈ యలవాటు.

ఆ దినములలోనే ఒక వింత జరిగినది. సోవియట్ రష్యా నమూనాలో చేసిన బి.ఎం.పి.-2 అను కొత్త గొలుసుబండ్లు మా పటాలమునకు వచ్చినవి. మనవారు దానికి 'సారథ్' అని పేరిడిరి. సుమారు 14 టన్నుల బరువు, 30 మిల్లీమీటర్ల ఫిరంగి, నడపుటకు ముగ్గురు, లోపల ఏడుగురు పదాతులు. నీటిలో దించినచో ఈదును. అయితే తలుపుల రబ్బరు పట్టీ ఒక్కటి పగిలియున్నను ఈదుబండి మునుగుబండి యగును. ఆ బండి మన దేశమున ఎక్కడ తయారైనదని యడుగగా మెదకు అనిరి. 1984లో ఎద్దుమైలారమున నెలకొల్పిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో 1987 నుండి అవి తయారగుచున్నవి. నేను ఉద్యోగము వెదకుకొనుచు దేశపు పడమటి సరిహద్దునకు పోగా, మా జిల్లాలో చేసిన బండి నన్ను వెదకుకొనుచు అచ్చటికే వచ్చెను. ఆ కర్మాగారము 2021 అక్టోబరు 1 నుండి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను ప్రభుత్వసంస్థలో భాగమైనది. దానికి దగ్గరలోనే భానూరులో భారత్ డైనమిక్సు వారు ట్యాంకులను ఛేదించు క్షిపణులను చేయుదురు. మన దేశపు సైన్యమునకు కావలసిన సామగ్రి కొంత మన జిల్లా మట్టిమీదనే తయారగుచున్నదని జిల్లావాసులలోనే చాలమంది యెరుగరు.

1997లో బయటకు వచ్చితిని. వీరమరణము పొందినవారిని మన సమాజము మరువదు, అది న్యాయము. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్ బాబును తెలుగునేల యంతయు కన్నీటితో తలచుకొనెను. కాని బ్రతికి వచ్చినవానితో ఏమి మాటలాడవలెనో, వానికి ఏ పని చెప్పవలెనో మనకింకను సరిగా తెలియదు. నేను పోయిన చోట్లనెల్ల మొదట గౌరవముగా కూర్చుండబెట్టిరి. పిమ్మట ఐ.టి.ఐ. పత్రము నడిగిరి. 14 టన్నుల బండి ఇంజనును విప్పి బిగించినవాడనని చెప్పగా సంతోషించిరి. తరువాత గేటు వద్ద కాపలా పని కలదనిరి. మా పారిశ్రామికవాడలో మాజీ సైనికుడనగానే గేటు ముందరి నీలిచొక్కాయే పలువురి మనస్సున మెదలును. కాపలా పని తక్కువది కాదు. కాని ఒక మనిషికి 17 ఏండ్లు నేర్పిన విద్యను గేటు బయటనే నిలిపివేయుట మాత్రము దుబారా.

ఒక కర్మాగారపు గేటు వద్ద నేను రెండేండ్లు పనిచేసితిని. వచ్చిపోవు లారీల లెక్క వ్రాయు పుస్తకము ప్రక్కన మరియొక నోటుపుస్తకము తెరచితిని. మంటలార్పు పంపును కడపట ఎన్నడు త్రిప్పిరి? డీజిలు జనరేటరు నూనె ఎన్నడు మార్చిరి? ఎవరినడిగినను తేదీ చెప్పలేకపోయిరి. సెలవు తీసికొని ఒక సోమవారమునాడు ఆ పంపును త్రిప్పబోగా బ్యాటరీ చచ్చియుండెను. మంట లేనందున ఎవరికిని తెలియలేదు. నాటి నుండి ప్రతి సోమవారము అయిదు నిమిషములు త్రిప్పి తేదీ వేయుచు వచ్చితిని. ఆ పుస్తకము యంత్రములు చూచు పెద్దమేస్త్రి కంటబడెను. ఆయన, "ఫౌజీ, గేటు ఎవరన్న చూస్తరు గని, నువ్వు లోపలికి రా" అనెను. అట్లు లోపలికి పోయి, 58వ ఏట విరమించువరకు మెయింటెనెన్సు విభాగమునందే యుంటిని.

ఇది నా గొప్ప చెప్పుకొనుటకు గాదు. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పలువురు పొట్ట చేతబట్టుకొని దూర రాష్ట్రముల నుండి వచ్చినవారు. దాని కారణములు తేల్చుట విచారణాధికారుల పని. నేను చెప్పునది ఆ ఒక్క కర్మాగారమును గూర్చి గాదు. మా ప్రాంతమున బాయిలర్లు, రియాక్టర్లు, ద్రావకముల పీపాలు నిండిన కర్మాగారములు వందలు కలవు. చెడకముందే చూచుట, చూచినదానిని వ్రాసిపెట్టుట, వ్రాసినదానికి సంతకముతో బాధ్యత వహించుట వీనికన్నిటికిని కావలెను. ఆ యలవాటు ఒంటబట్టినవారు ప్రతి యేట సైన్యము నుండి వచ్చుచునే యున్నారు. కర్మాగారాధిపతులు వారిని కనీసము ఒక పూట తమ యంత్రశాలలో పరీక్షించి చూడవలెనని నా మనవి.

సైనిక సోదరులకు రెండు మాటలు. విడుదలకు రెండేండ్ల ముందే రెండవ జీవితమును మొదలుపెట్టుడు. రక్షణశాఖవారి పునరావాస డైరెక్టరేటు శిక్షణలను సెలవుగా భావింపక విద్యగా తీసికొనుడు. డిశ్చార్జి బుక్కులో మీ వృత్తి పేరు స్పష్టముగా నున్నదో లేదో చూచుకొని గాని సంతకము పెట్టకుడు. ఊరికి వచ్చిన వెంటనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనుడు. కేంద్ర ప్రభుత్వశాఖల గ్రూపు-సి ఉద్యోగములలో నూటికి 10, ప్రభుత్వరంగ సంస్థలలో ఆ తరగతికి నూటికి 14.5 వంతున మాజీ సైనికులకు కేటాయింపు కలదు. 1986 నాటి కేంద్రోత్తర్వు ననుసరించి, పదవ తరగతి చదివి 15 ఏండ్లు సేవచేసినవాడు, పట్టభద్రులకుద్దేశించిన కొన్ని గ్రూపు-సి ఉద్యోగములకును అర్హుడు. సాంకేతికానుభవము తప్పనిసరియైన ఉద్యోగములకు అది వర్తింపదు. కనుక వృత్తిలోనే కొనసాగదలచినవాడు పౌరశిక్షణ పత్రమును కూడ సంపాదించుకొనుట మేలు.

ఈ మాటలిప్పుడు చెప్పుటకు కారణము కలదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకములో సేవాకాలము 4 ఏండ్లు. ఆనాటి నియమము ప్రకారము ప్రతి జట్టులో నూటికి 25 మంది వరకే స్థిరసేవకు పోవుదురు. తక్కినవారికి పింఛను లేదు, సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి మాత్రము లభించును. 2023 ఆరంభమున శిక్షణకు చేరిన తొలి జట్టునకు 2027 ఆరంభమున నాలుగేండ్లు నిండును. నేను 35వ ఏట ఎదుర్కొన్న ప్రశ్నను ఈ బిడ్డలు అంతకంటె చాల చిన్నవయస్సుననే ఎదుర్కొందురు. ఆ ధనముతో ఏమి చేయుదువని వారి నడుగువారు చాలమంది యుందురు. ఏమి నేర్చుకొని వచ్చితివని మొదట నడుగుడు. ఇంటివారు, బడిలో చదువు చెప్పిన పంతుళ్లు, పని యిచ్చు యజమానులు ఆ యొక్క ప్రశ్న వేసి, జవాబును ఓపికతో వినిన చాలును. వారికి తగిన పని మా పటాన్‌చెరు, పాశమైలారములలోనే కొదవలేక కలదు.

సెలవు.