చెప్పేవాడు ముందు వినాలి

(అన్నోజిగూడలో జరిగిన మన సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బైబిలు నుంచి వాక్యం చెప్పడం గురించి నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను పాస్టరును కాను. ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు రాసి, రిటైరయ్యాక ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాల్లో వాక్యం చెబుతున్నవాణ్ణి. సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. పదిమంది ముందు గ్రంథం విప్పి మాట్లాడే వారందరి కష్టసుఖాలూ ఒకటే కనుక సాహసిస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి మనవి చేస్తాను. రిటైరైన కొత్తలో, మాతో పనిచేసిన మిత్రుడొకాయన కాలం చేశారు. సమాధి కార్యక్రమంలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను యోబు గ్రంథం విప్పి నలభై నిమిషాలు మాట్లాడాను. మనిషికి కష్టాలు ఎందుకొస్తాయో నాలుగు కారణాలు, ఒక్కోదానికి మూడేసి వచనాలు! బాగా చెప్పాననే అనుకున్నాను. నెల తర్వాత పలకరించడానికి వెళితే, ఆయన భార్య కాఫీ ఇచ్చి, "అన్నయ్యా, ఆరోజు మీరు చెప్పిన కారణాల్లో మా ఆయనది ఏదండీ?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి యోబు గ్రంథం మళ్ళీ చదివాను. రెండో అధ్యాయం చివర ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట పలకలేదు. వాళ్ళు చేసిన మంచిపని అదే. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడింది. చివరి అధ్యాయంలో దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితులనే. ఆ పుస్తకం చేతిలో పట్టుకుని నేను చేసింది కూడా వాళ్ళ పనే!

అప్పటినుంచి నేర్చుకున్న సంగతులు చెబుతాను.

మొదటిది, చదవడం. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా కర్రపీఠం ఎక్కి ధర్మశాస్త్రాన్ని ఉదయం మొదలు మధ్యాహ్నం దాకా చదివాడు. లేవీయులు జనానికి అర్థం విడమరిచి చెప్పారు. ముందు స్పష్టంగా చదవడం, తర్వాత అర్థం చెప్పడం. మనలో చాలామంది వచనాన్ని గబగబా చదివేసి, మన మాటలు మాత్రం తీరిగ్గా చెబుతాం.

రెండవది, వినేవారిని తెలుసుకోవడం. నాతాను ప్రవక్త దావీదు తప్పును నేరుగా ఎత్తిచూపలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదు ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. అందుకే ఆ కథ సూటిగా గుండెకు తగిలింది.

మన ఘట్‌కేసర్ మీదుగా పోయే రైలు కాజీపేట దాటి డోర్నకల్ వెళుతుంది. అక్కడ బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్యగారు (1874–1945) తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బోధించడానికి వచ్చిన ఆయన ముందు తెలుగు నేర్చుకునే విద్యార్థి అయ్యారు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. అక్షరం రాని కూలివాడు కూడా తన పల్లెలో తన మాటల్లో చెప్పగలడని ఆయన నమ్మకం.

మూడవది, ముగించడం. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడి చనిపోయాడు. పౌలు అతన్ని బతికించాడు. మనకా శక్తి లేదు, గడియారం చూసుకోవడమే మేలు! నీనెవెలో యోనా చెప్పిన హెచ్చరిక హీబ్రూ భాషలో అయిదే మాటలు. ఊరు ఊరంతా మారింది.

ఆ చెల్లెమ్మ ఇంట్లో తర్వాత జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మళ్ళీ నన్నే పిలిచారు. వెళ్ళాలంటే భయమేసింది. ఇరవై మూడవ కీర్తన, ఆరు వచనాలు, నిదానంగా చదివాను. ఒక్క సంగతే చెప్పాను. మొదటి మూడు వచనాల్లో దావీదు కాపరిని "ఆయన" అంటాడు. చీకటి లోయ వచ్చేసరికి "నీవు" అంటాడు. చీకటిలో దేవుని గురించి మాట్లాడడం ఆగి, దేవునితో మాట్లాడడం మొదలవుతుంది. అంతే చెప్పి కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే ప్రార్థన మొదలుపెట్టింది.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఈరోజుకీ నా దగ్గర లేదు. లేదని తెలుసుకోవడమే నాకు దొరికిన శిక్షణ.