పైలం: మనం పట్టుకోవాల్సిన మాట
(సూర్యాపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యాపేటలో బస్సెక్కే కొడుక్కి తల్లి చెప్పే ఆఖరి మాట: 'పైలం బిడ్డా'. కోదాడలో పట్టా కాయితాలు పెట్టెల పెట్టించే తాత అనేది: 'పైలంగ ఉంచు'. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు అమ్మి పైసలు నడుముకు కట్టుకున్న రైతుకు పక్క రైతు చెప్పేదీ అదే. పుస్తకాల్లోని 'పదిలం'కు ఇది సొంత చుట్టం. పోయే మనిషికీ, దాచే వస్తువుకూ ఒకటే మాట. అందులో హెచ్చరిక ఉంది, ప్రేమ ఉంది.

మన రాజకీయాల్లోకి మాత్రం ఇంకో మాట వచ్చింది: 'రక్షణలు'. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో కొలువులకు, చదువులకు, మిగులు నిధులకు రక్షణలు రాసుకున్నరు. అవి కాగితం దాటకనే 1969లో విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కిన్రు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చినయి. వాటి ఉల్లంఘనలను సరిదిద్దెతందుకు 1985 డిసెంబర్ 30న 610 జీవో తీయాల్సి వచ్చింది. ఆ జీవో అమలుకు మళ్లీ ఏండ్ల కొట్లాట!

తేడా ఎక్కడుంది? రక్షణ ఒకరు ఇచ్చేది. పైలం మనం పట్టేది. ఇచ్చినోడు మరిచిపోవచ్చు, కావలి ఉన్నోడు మరువడు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కావలి పని అప్పటితో ఒడువలేదు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు చివరి మడి దాకా పారుతున్నయా? కొలువుల లెక్కలు సక్కగ ఉన్నయా? మన మాట మన పిల్లల నోట్లో ఉందా? ఎవరు గద్దె మీదున్నా అడుగుడు మన వంతు.

తెచ్చుకున్నది పైలం!