కర్రలేవమ్మా?
(గార్డెన్ రీచ్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ప్రాంతానికి ఆట, పాట కొత్త కావు. 1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, 1887లో కన్నుమూసే దాకా ఈ పక్కనే మటియాబ్రుజ్‌లో కథక్‌ను, ఠుమ్రీని పోషించాడు. అదే 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే పుట్టింది. దాని వారసత్వంగా వచ్చిన ఆగ్నేయ రైల్వేకి ప్రధాన కార్యాలయం ఈ గార్డెన్ రీచే. ఆ పట్టాల వెంట వచ్చిన తెలుగువాళ్లు తమతో కోలాటం కర్రలూ తెచ్చుకున్నారు.

సంక్రాంతి కోలాటం బాధ్యత నాకు అప్పగించినప్పుడు, ఎం.బి.ఎ. చదివినదాన్ని కదా అని ముందుగా ఎక్సెల్ షీటు తెరిచాను. ఇరవై నాలుగు మంది, పన్నెండు జతలు, ఆరు వారాలు. హుషారైన సినిమా పాట ఒకటి ఎంచాను. మొదటి ఆదివారం పావుగంట గడిచేసరికి సగం మంది గోడవారగా చేరిపోయారు. నా షీటులో మోకాళ్లకు కాలమ్ లేదు మరి!

ఆ రోజు రిటైరైన మా సహోద్యోగి భార్య ఒకావిడ వచ్చారు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. గౌరవంగా ముందు వరసలో కుర్చీ వేసి, "మీరు ముఖ్య అతిథి, పిన్నిగారూ" అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "కుర్చీ ఇచ్చావు సరే, కర్రలేవమ్మా?" అన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, చిన్నప్పుడు గుడి ముందు కోలాటం వేసిన మనిషి. అడుగు నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆవిడను చూసేవాళ్లలో కూర్చోబెట్టింది ఆవిడ మోకాళ్లు కాదు, నేను.

కోలాటంలో లోపలి వలయం, బయటి వలయం ఉంటాయి కదా. లోపలి వలయం మొత్తాన్నీ కుర్చీల్లో కూర్చోబెట్టాం. బయటివాళ్లు తిరుగుతూ వచ్చి, ఒక్కొక్కరి దగ్గరా ఆగి కర్ర కలిపి ముందుకు సాగుతారు. కూర్చున్నవాళ్ల కోసమని విడిగా ఒక ఐటమ్ పెడదామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. విడిగా పెడితే చప్పట్లు వస్తాయి, జత రాదు.

చిన్న సంగతులే పెద్ద తేడా తెచ్చాయి. చేతులున్న కుర్చీలో మోచెయ్యి ఆడదు, అందుకని చేతుల్లేనివే వేశాం. చక్రాల కుర్చీకి బ్రేకు వేయాలి, దాని పక్కన మరో మనిషి పట్టేంత చోటు వదలాలి. పట్టు తక్కువున్నవారి కర్రలకు గుడ్డ చుట్టాం. కర్ర పట్టలేనివారు అరచెయ్యి చాపితే ఎదుటివాళ్లు అరచేత్తోనే తాళం కలుపుతారు. ముందు ఐదు నిమిషాలు అందరం కూర్చునే భుజాలు, మడమలు కదిలిస్తాం. నలభై నిమిషాలకు మించం. ఈ ఊరి ఉక్కలో అదే ఎక్కువ.

వినికిడి తక్కువున్న ఒక కుర్రాడి కోసం, అడుగు మారే ముందు చెయ్యెత్తి చూపడం మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే, ఆ సైగ వల్ల ఎక్కువ లాభపడింది చెవులు బాగానే పనిచేసే మా ఆఫీసర్లే! "మరీ నెమ్మది" అని కాలేజీ పిల్లలు సణిగారు. వాళ్ల మాటా నిజమే. పాట వేగం పెంచకుండా, బయటి వలయానికి గిరికీలు, కూర్చుని లేవడాలు కలిపాం. ఇప్పుడు ఆయాసపడేది వాళ్లే.

ఒకావిడ మాత్రం తలుపు దగ్గరే నిలబడేవారు. భర్త పోయి ఏడాది కాలేదు, ఎవరేమనుకుంటారోనని సంకోచం. రమ్మని చెయ్యి పట్టి లాగలేదు. "తాళాలు కాస్త మీరు వేస్తారా?" అని మాత్రం అడిగాను. మూడో వారం తాళాలు పక్కవాళ్లకిచ్చి, ఖాళీ కుర్చీలో తనే కూర్చున్నారు.

న్యూయార్క్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవారితో నృత్య తరగతులు నడుపుతోంది. వాటిలోనూ చాలా భాగం కుర్చీల్లోనే మొదలవుతుందని చదివినప్పుడు మా పిన్నిగారికి చెప్పాను. "వాళ్లకీ ఎవరో కర్రలేవని అడిగి ఉంటార్లే" అన్నారావిడ.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ మొదలుపెడుతున్నాం. కర్రలు నేను తెస్తాను. చేతుల్లేని కుర్చీలు ఇంకా ఆరు కావాలి, ఎవరింట్లో ఉన్నా చెప్పండి.