దామోదరం సంజీవయ్యగారు

కర్నూలు చెంతనున్న పెద్దపాడున 1921లో నిరుపేద దళిత కుటుంబమున జన్మించిన సంజీవయ్యగారు, మద్రాసున న్యాయశాస్త్రము చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైరి. దేశమున ఆ పదవి నధిష్ఠించిన తొలి దళితుడు వారే. రెండేండ్ల పాలనలో దిక్కులేని వృద్ధులకు పింఛను కల్పించిరి. భూమిలేని పేదలకు బంజరు పంచిపెట్టించిరి. 1964లో రాజ్యసభ కేగి, కేంద్రమున కార్మికశాఖ మంత్రియైరి. 1972లో దివంగతులైరి.

పదవి వేసవినాటి హంద్రివంటిది, చూచుచుండగనే యింకిపోవును. కాని ఆ హంద్రిపై గాజులదిన్నె జలాశయము నేడు సంజీవయ్యసాగరమను పేర వెలయుచున్నది. కరవుసీమలో నీటికి నిలిచిన పేరుకంటె మిన్నయగు గౌరవ మేమున్నది?

బడిపంతులుగా జీవించిన నేను మిమ్ము కోరున దొక్కటే: మీ యూర అర్హత యుండియు పింఛను నోచని ముదుసలి యున్నచో, వారి పక్షమున అర్జీ వ్రాసిపెట్టుడు. ఆ మహనీయునకు మనము చేయదగిన స్మరణ యదియే.