కాపు అమ్ముకోవచ్చు, తరాలను అమ్మకూడదు
(జి. కొండూరు రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామిడి తోట గుత్తకివ్వడం మనకు కొత్త కాదు. పిల్ల పెళ్ళో, బ్యాంకు అప్పో నెత్తి మీదకొస్తే, పూత కూడా చూడకుండా రెండు మూడేళ్ళ కాపు ముందే అమ్ముకుంటాం. చేతికొచ్చిన డబ్బు ఆ ఏడే అయిపోతుంది. మరుసటి ఏడు బంగినపల్లికి ధర పలికినా మనం చూస్తూ నిలబడాల్సిందే. అయినా గడువు తీరితే తోట మళ్ళీ మనది.

ప్రభుత్వాలూ ఈ పనే చేస్తున్నాయి, కానీ ఇచ్చేది తరాల గుత్త. 2023లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్‌ను 30 ఏళ్ళకు ఐఆర్‌బి కంపెనీకి ఇచ్చి, 7,380 కోట్లు ఒక్కసారే తీసుకుంది. ఆ దారిన పోయే లారీకి టోల్ పెరిగితే కిరాయి పెరుగుతుంది. కిరాయి పెరిగితే కోత పడేది కాయ ధరలోనే.

ఇలాంటి గుత్త ఎక్కడికి దారితీస్తుందో అమెరికాలోని షికాగోను చూస్తే తెలుస్తుంది. అక్కడ వీధి పక్కన బండి ఆపితే మీటరులో డబ్బు కట్టాలి. అలాంటి సుమారు 36 వేల మీటర్లను 2008 డిసెంబరులో నగరం 75 ఏళ్ళకు ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. ధర 115 కోట్ల డాలర్లు. సంగతి బయటపెట్టిన రెండు రోజులకే నగర కౌన్సిల్ ఆమోదించింది. వ్యతిరేకించింది ఐదుగురే. నగరానికి దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువ వచ్చాయని మరుసటి ఏడు నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తేల్చారు. వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం కొద్ది ఏళ్ళలోనే బడ్జెట్ లోటుకు పోయింది. రేట్లు పెరిగాయి. ఇప్పుడు నగరం తన వీధిని తానే మూసినా కంపెనీకి పరిహారం కట్టాలి.

మన సంత ఆశీలు ఏటా వేలం వేస్తారు. ఈ ఏడు తక్కువకు పోతే వచ్చే ఏడు సరిచేసుకోవచ్చు. 75 ఏళ్ళ పొరపాటును ఎవరు సరిచేస్తారు? ఐదేళ్ళకు ఎన్నికైనవారికి మన మనవల రాబడిని అమ్మే హక్కు ఎక్కడిది?

అందుకే మనం అడగాలి. మార్కెట్ యార్డయినా, రోడ్డయినా, చెరువయినా గుత్తకిచ్చే ముందు ఒప్పందాన్ని తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. ఎన్నేళ్ళకు? ఏ లెక్కన ఆ ధర కట్టారు? వచ్చిన డబ్బు దేనికి? మధ్యలో రద్దు చేస్తే నష్టం ఎవరిది? ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే సంతకం.

తోట గుత్తకిచ్చేటప్పుడు మనం కాగితం ఒకటికి రెండుసార్లు చదివించుకుంటాం. ఊరి ఆస్తి దగ్గరా అదే పట్టుదల చూపిద్దాం.