బాలల చదువు – రాజ్యాంగపు మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



పంట కల్లమునకు చేరినప్పుడు రైతు ధాన్యమును కొలిపించి, విత్తనమెంత, కూలియెంత, మిగులెంత అని లెక్క చూచుకొనును. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ సందర్భమున ముప్పాళ్ళ గ్రామస్థులును అట్టి లెక్క యొకటి చూచుకొనుట ఉచితము. బీరువాలలో పుస్తకములెన్ని చేరినవి, పాఠకులెందరు వచ్చిరి అనునవి ఆ లెక్కలో ఒక భాగము మాత్రమే. పుస్తకము తెరువవలసిన వయస్సున పత్తిచేనిలోనో, మిరపతోటలోనో నిలిచి, ఈ గడప త్రొక్కని బిడ్డలెందరు అనునది రెండవ భాగము. రెండవ లెక్క చూడనిదే మొదటిది పూర్తి కాదు.

ఆ రెండవ లెక్కను గ్రామగ్రామమున ఇల్లిల్లు తిరిగి వ్రాసిన సంస్థ యొకటి తెలుగునాట కలదు. అది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. దాని కార్యకర్తలు గ్రామ యువజనులకు రాజ్యాంగపు హక్కులను ఏ విధముగా బోధించిరో, ఆ బోధ వలన ఏమి సమకూరినదో తెలిసికొనుట మన ప్రాంతమునకు మిక్కిలి ప్రయోజనకరము.

ముందుగా ఆ హక్కు యొక్క పూర్వవృత్తాంతము కొంత తెలిసికొనవలెను. నిర్బంధ ప్రాథమిక విద్య కావలెనని గోపాలకృష్ణ గోఖలే 1911వ సంవత్సరమున ఆనాటి కేంద్ర శాసనసభలో ఒక బిల్లును ప్రవేశపెట్టెను. 1912లో దానికి అనుకూలముగ 13 ఓట్లును, ప్రతికూలముగ 38 ఓట్లును పడగా అది ఓడిపోయెను. బీదల బిడ్డలు బడికి పోయినచో పొలములలో పనివాండ్రు దొరకరను భయము ఆనాటి భూస్వాములకు కలదు. పిదప దేశము స్వతంత్రమైనది. అల్లాడి కృష్ణస్వామయ్యర్, దుర్గాబాయి మొదలైన తెలుగువారు కూడ సభ్యులుగా నున్న రాజ్యాంగసభ 1949 నవంబరు 26న రాజ్యాంగమును ఆమోదించెను. అందు 45వ అధికరణము, పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు రాజ్యము పదియేండ్లలోగా ప్రయత్నింపవలెనని నిర్దేశించెను. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినది గనుక ఆ గడువు 1960 జనవరి 26తో తీరినది.

నోటు అననేమో పల్నాటి రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. నోటు వ్రాసినవాడు గడువునకు చెల్లింపనిచో అప్పిచ్చినవాడు కోర్టుకు పోవును. కాని ఈ నోటునకు ఆ సదుపాయము లేకపోయెను. ఆదేశిక సూత్రములను న్యాయస్థానముల ద్వారా అమలుచేయించుకొనుటకు వీలులేదని 37వ అధికరణము చెప్పుచున్నది. ఇక 24వ అధికరణము పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారములలోను, గనులలోను, ఇతర ప్రమాదకరమైన పనులలోను నియోగింపరాదని శాసించినదే కాని, అందు పొలము మాట లేదు. గొడ్లు కాయు పిల్లవాడు, పత్తి తీయు పిల్ల, చంటిబిడ్డ నెత్తుకొని ఇల్లు కాచు అక్క – వీరు ఆ వాక్యమున కంటబడలేదు. మన పల్లెలలో పనిచేయు పిల్లలలో అత్యధికులు వీరే. ఈ విధముగా ఒక అధికరణము వారిని చూడలేదు. చూచిన అధికరణమునకు కోర్టులో బలము లేదు.

ఈ రెండింటి నడుమనుండి ఫౌండేషన్ పని ప్రారంభమైనది. మామిడిపూడి వెంకటరంగయ్యగారు 1889లో నెల్లూరు సీమలో జన్మించిరి. రాజనీతిశాస్త్రాచార్యులుగా పేరుగాంచి, స్థానిక పరిపాలనను గూర్చి గ్రంథములు రచించి, ఆంధ్రదేశపు స్వాతంత్ర్యోద్యమ పత్రములను సంపుటములుగ సంపాదించి ప్రకటించిరి. వారి పేర 1981లో ఈ సంస్థ స్థాపింపబడినది. వారి మనుమరాలు శాంతా సిన్హాగారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును బోధించుచుండిరి. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసిన తరువాత ఆమె వ్యవసాయ కూలీల నడుమ పనిచేయుచు, అప్పుక్రింద జీతమునకు కుదిరిన వారిలో పిల్లలును పెక్కుమంది యుండుట చూచిరి. తండ్రి తెచ్చిన బాకీ కొడుకు బాల్యముతో తీరుచుండెను. 1991 ప్రాంతమునుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో ఆ సంస్థ పిల్లల పనిని ప్రధానముగ చేపట్టినది.

ఈ పనికి నగరమునుండి పండితులను తెచ్చుకొనలేదు. కార్యకర్తలలో పెక్కురు ఆ గ్రామములలోని యువతీయువకులే. తమ యింట అక్షరము నేర్చిన మొదటి తరమువారే. వారు ముందుగా గ్రామమునగల ప్రతి బిడ్డ పేరును వ్రాసికొనిరి. బడిలోనున్నవా రెవరు, లేనివారెవరు, లేనివారు ఎక్కడ నేపని చేయుచున్నారు అని విచారించిరి. తల్లిదండ్రులతో ఒకమారు కాదు, పలుమారులు కూర్చుండి మాటలాడిరి. పిల్లవాని పనిలో పెట్టుకొన్న ఆసామిని శత్రువుగా చూడక, అతని గుమ్మము నొద్దకు పోయి నచ్చచెప్పిరి. పిల్లవానిని విడిచిపెట్టిన ఆసామిని సభలో నిలిపి సన్మానించిరి. ఈ మర్యాద వలన, నిన్నటివరకు పిల్లలచేత పని చేయించుకొన్నవారు కొందరు నేడు ఆ యుద్యమమునకే తోడైరి.

పనినుండి వచ్చిన పన్నెండేండ్ల పిల్లవానిని ఆరేండ్ల పసివారితో కలిపి ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టినచో వాడు సిగ్గుపడి మూడవనాడు మానివేయును. అందుచేత బ్రిడ్జి కోర్సు శిబిరము లేర్పడినవి. అట్టి పిల్లలు కొన్ని నెలలపాటు అచటనే యుండి చదివి, తమ యీడువారి తరగతిలో చేరిరి. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ కార్యమునకు చేయూత నిచ్చిరి. బడిలో లేని బిడ్డ ఏ పనిలో నున్నను బాలకార్మికుడే. ఏ పనియైనను బిడ్డకు హానికరమే. బిడ్డ చదువవలసినది పగటిబడిలో, పూర్తికాలము. పిల్లల పనిని క్రమబద్ధము చేయుట గాక, సంపూర్ణముగ నిర్మూలించుటయే గమ్యము. ఏ కారణము చెప్పినను ఆ పని సమర్థనీయము కాదు – ఇవి యా సంస్థ తనకు తాను విధించుకొనిన నియమములు.

ఇందొక నియమము గ్రంథాలయోద్యమ చరిత్రను ఎరిగినవారికి కొంచెము కష్టము కలిగింపవచ్చును. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు సంఘటిత రూపము వచ్చిన నాటినుండి రాత్రిపాఠశాల గ్రంథాలయమునకు తోబుట్టువు వంటిది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యకై జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవమీద పుస్తకములు పెట్టి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. అట్టి సంప్రదాయము గలవారికి, పనిచేయు పిల్లలకు రాత్రిబడి పెట్టుట కూడదనిన మాట చేదుగనే తోచును. కాని విచారించి చూడవలెను. పెద్దవానికి రాత్రిబడి వరమే. వాడు పోగొట్టుకొన్న దానిలో కొంత తిరిగి పొందుచున్నాడు. పిల్లవాని విషయమున అట్లు కాదు. పగలెల్ల వంగి పనిచేసి, దీపము క్రింద కూనికిపాట్లు పడు పిల్లవానికి అక్షరములు చెప్పుటయనగా, పగటి పనిని మనమందరము ఒప్పుకొన్నట్లే. ఆసామి బిడ్డకు పగటిబడి, పాలేరు బిడ్డకు రాత్రిబడి అనినచో రాజ్యాంగపు 14వ అధికరణము చెప్పిన సమానత్వము ఊరి పొలిమేరలోనే నిలిచిపోవును.

పేదరికమే దీనికంతటికి కారణము గదా యని పలువురు అందురు. ఇది తేలికగా కొట్టివేయదగిన మాట కాదు. కూలిడబ్బులు తగ్గిననాడు పొయ్యిలో పిల్లి లేవని యిండ్లు కలవు. ఐనను కార్యకర్తల అనుభవము వేరొక సంగతిని చూపినది. నికరముగ బడి నడచునను నమ్మకము, అడుగుటకు తోడొకరున్నారను ధైర్యము కలిగినచో బీద తల్లిదండ్రులు ఎట్లో సర్దుకొని బిడ్డను పంపుచున్నారు. వారి నాపినవి పెక్కుచోట్ల చిన్న అడ్డంకులే: పుట్టినతేదీ పత్రము లేదనుట, చేర్చుకొను గడువు దాటినదనుట, బదిలీ పత్రము తెమ్మనుట. మరియు బిడ్డ తక్కువ కూలికి దొరికినంతకాలము పెద్దలకు గిట్టుబాటు కూలి యేల దొరకును? కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతముల సంకర పత్తి విత్తన క్షేత్రములే దీనికి నిదర్శనము. అచట సాయంకాలము మొగ్గలనుండి కేసరములను చేతితో తీసివేసి, మరునాటి ఉదయము మరియొక రకపు పుప్పొడిని ఆ పూవులకు చేతితోనే అద్దవలెను. ఆడపిల్లల సన్నని వ్రేళ్లకే ఆ పని కుదురునని చెప్పుచువచ్చిరి. పెద్దల వ్రేళ్లును ఆ పని చేయగలవు. చెల్లింపవలసిన కూలి మాత్రము పెరుగును. వ్రేళ్లను గూర్చిన మాట లోపల కూలిని గూర్చిన లెక్క దాగియున్నది.

ఇంతలో న్యాయస్థానములును కదలినవి. ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడుమ 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. ఆ వ్యాజ్యము పుట్టినది ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కళాశాలల క్యాపిటేషన్ రుసుములను గూర్చి. కాని అందు న్యాయమూర్తులు, పదునాలుగేండ్లలోపు బిడ్డకు చదువు ప్రాథమిక హక్కేయని నిర్ణయించిరి. 2002లో 86వ సవరణ వలన 21-ఏ అధికరణము రాజ్యాంగమున చేరినది. బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల విధిగా 51-ఏ అధికరణమునందు వ్రాయబడినది. 2009లో విద్యాహక్కు చట్టము చేయబడి, 2010 ఏప్రిల్ 1న ఆ సవరణయు, ఆ చట్టమును అమలునకు వచ్చినవి. 1960లో తీరవలసిన నోటు ఏబదియేండ్లకు తిరుగ వ్రాయబడినది. అదియు సంపూర్ణముగ కాదు. పాత 45వ అధికరణము పదునాలుగేండ్లలోపు పిల్లలందరిని పేర్కొనెను. కొత్త హక్కు ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకే. 2016లో బాలకార్మిక చట్టమును సవరించి పదునాలుగేండ్లలోపు పిల్లలచేత ఏ పనియు చేయింపరాదనుచునే, బడి సమయము గాక కుటుంబపు పనిలో సాయపడుటను అనుమతించిరి. సాయమెచట ముగియును, చాకిరి యెచట మొదలగును అని పొలము గట్టున నిలిచి చెప్పగలవా రెవరు?

శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలైరి. ఇవి గౌరవములు. వానికంటె విలువైన సంగతి యొకటి కలదు. కార్యకర్తలు గడపగడపకు పోయి చెప్పినది చాలవరకు తరువాత చట్టపు వాక్యమైనది. యీడుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ నిచ్చుట నాలుగవ సెక్షను. పుట్టినతేదీ పత్రము లేదని త్రిప్పి పంపరాదనుట పదునాలుగవది. గడువు దాటినదని కాదనరాదనుట పదునైదవది. పిల్లలను కొట్టరాదనుట పదునేడవది. ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య సంఘముండవలెననియు, అందు ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెననియు చెప్పునది ఇరువదియొకటవది. ఈ అయిదు సెక్షనులు నోటికి వచ్చిన యువకుడు బడి గుమ్మమున నిలిచినచో ఒక కూలితల్లి ఒంటరిది కాదు.

పల్నాటికి హక్కు అను భావము పరాయిది కాదు. కులభేదమెంచక ఒకే చాపపై అందరును కూడు కుడిచిన చాపకూడు కథ ఇచటి పసివారికిని తెలియును. అంటరానితనమును నిషేధించిన 17వ అధికరణమును వారికి బోధించుటకు అంతకంటె మంచి పీఠిక యేది? అడవిలో పశువులను మేపుటకు పుల్లరి చెల్లింపమని కదలిన పల్నాటి రైతాంగమునకు అండయై, 1922లో మించాలపాటి కన్నెగంటి హనుమంతు ప్రాణమర్పించెను. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ కులావమానములను చవిచూచియు కవిచక్రవర్తియై వెలసెను. బడి తలుపు తెరచినంత మాత్రమున చాలదనియు, లోపల అందరికిని సమానమైన పీట ఉండవలెననియు ఆయన జీవితము తెలుపుచున్నది.

ఇట్టి గడ్డపై ముప్పాళ్ళ గ్రంథాలయము చేయదగిన పని చాలగలదు. తెలుగున అచ్చయిన రాజ్యాంగ ప్రతియు, విద్యాహక్కు చట్టపు ప్రతియు అందరి చేతికందు బల్లపై ఉంచవలెను. వారమున కొకనాడు పదవ తరగతి దాటిన యువతీయువకులు కూర్చుండి ఒక్కొక్క అధికరణమును బిగ్గరగ చదివి, దానికి ఊరిలోని యుదాహరణము చెప్పవలెను. పాఠశాల యాజమాన్య సంఘములోని తల్లులకు వారి అధికారము లేమిటో చదివి వినిపింపవలెను. ఆపదలోనున్న బిడ్డకై 1098కి ఫోను చేయవచ్చునని గోడపై వ్రాయవలెను. ఏడవ తరగతితోనో, పదవ తరగతితోనో చదువు మాన్పింపబడి పెండ్లిమాటలు వినుచున్న ఆడపిల్లకు, పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నదని తెలుపుటయు ఈ గ్రంథాలయపు ధర్మమే.

చట్టము వచ్చినదని నిశ్చింతగా నుండరాదు. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు దేశమున పెక్కుమంది పిల్లలు తిరిగి పనులలోనికి పోయిరి. సంవత్సరములపాటు కట్టిన గట్టు ఒక వరదకు తెగుటను అందరును చూచిరి. తెగినచోట మన్ను వేయువారు ఊరిలోనే యుండవలెను గాని, ఎక్కడనుండియో రాలేరు.

కావున యువజనులు ఒక చిన్న కార్యముతో మొదలిడవచ్చును. మిరపకోతల కాలము వచ్చినప్పుడు బడికి పోయి ఉపాధ్యాయులతో కూర్చుండి హాజరుపట్టీని చూడవలెను. ఏ పేరు నెదుట వరుసగా గీతలు పడినవో వ్రాసికొని, ఆ సాయంకాలమే ఆ యింటికి పోవలెను. కసరుకొనుటకు కాదు, ఆ తల్లి చెప్పునది వినుటకును, చట్టము చెప్పునది ఆమెకు వినిపించుటకును పోవలెను. స్వర్ణోత్సవమునాడు ఈ సభలో కూర్చుండువారు మరల లెక్క చూచుకొందురు. నాడు ఆ పట్టీలో గీత లేని ఊరుగా ముప్పాళ్ళ నిలుచుగాక! గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!