పక్కటెముకల కూర ఎవరిది?

(ఒక వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించీ కూలి రేట్ల గురించీ మాట్లాడాల్సిన సభలో పంతుళ్ళు కూర గురించి మాట్లాడతారట అని పొద్దున్నుంచీ కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. మధ్యాహ్నం ఆ బల్ల మీది కరెంటు కుండ మూత తీసినప్పుడు అందరికంటే ముందు లేచింది ఆ నవ్విన వాళ్ళే, మేము చూశాం.

ఆ కుండ పేరు స్లో కుక్కర్. మన వాడ పిల్ల ఒకామె అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. మీరు తిన్నది పంది పక్కటెముకలు. తియ్యగా, పుల్లగా, ఎముక పట్టి లాగితే కండ ఊడి చేతికొచ్చేట్టు ఉడికినవి. పందికూర తినని వాళ్ళకు వేరే గిన్నెలో పెద్దకూర పక్కబొక్కలు వండాం. ఇది దొరల దేశం వంట, మనకెందుకు అని ఒక తమ్ముడు అడిగాడు. తమ్ముడూ, ఆ దేశంలో కూడా అది దొరల వంట కాదు. అందుకే ఈ మాట ఎత్తుకున్నాం.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి, పొగాకు, చెరుకు తోటల్లో నల్లవాళ్ళను బానిసలుగా పెట్టుకున్న సంగతి మన బడి పుస్తకాల్లో ఒక పేరాలో ఉంటుంది. వాళ్ళేం తిన్నారో ఉండదు. ఫ్రెడరిక్ డగ్లస్ అనే ఆయన బానిసగా పుట్టి, పారిపోయి, చదువుకుని, 1845లో తన జీవితకథ అచ్చు వేశాడు. మేరీలాండ్‌లో తను చిన్నప్పుడు ఉన్న తోటలో పెద్దవాళ్ళకు నెలకు ఇచ్చే తిండి లెక్క అందులో రాశాడు: ఎనిమిది పౌన్ల పందిమాంసం, లేదంటే దానికి సమానంగా చేపలు, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. ఎనిమిది పౌన్లంటే మూడున్నర కిలోల పైచిలుకు. నెల రోజులకు! పొద్దు పొడవకముందు నుంచి పొద్దు గుంకేదాకా చాకిరీ చేసే మనిషికి. మన తాతలకు ఏడాది జీతం కింద కొలిచిన వడ్ల లెక్క గుర్తున్న ముసలోళ్ళు ఇక్కడ ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు.

చలికాలంలో పందులు కోసేవాళ్ళు. తొడలు, వీపు కండ ఉప్పు పట్టి, పొగబెట్టి దొర కొట్టులోకి పోయేవి. కోసింది, కడిగింది, ఉప్పు పట్టింది బానిసలే. వాళ్ళ వంతుకు మిగిలేవి తల, కాళ్ళు, పేగులు, మెడ, ఎముకకు అంటుకున్న కాస్త కండ. దొర ఇంట్లో పెద్ద విందయితే రాత్రంతా గుంత దగ్గర కూర్చుని, కట్టె నిప్పుల మీద మాంసం తిప్పుతూ కాల్చింది కూడా వాళ్ళే. బార్బెక్యూ అని ఇప్పుడు లోకమంతా చెప్పుకునే వంట అది. ఆ మాటకు మూలం కరీబియన్ దీవుల ఆదివాసులు వాడిన మాట. ఆ పని చేతుల్లో పెట్టుకుని పెంచింది ఎక్కువగా నల్లవాళ్ళు. అందులో తీపి ఎక్కడిది? చెరుకు నుంచి పంచదార తీశాక మిగిలే నల్లని మడ్డి, మొలాసిస్. పంచదార దొరలకు, మడ్డి కూలోళ్ళకు. బానిసత్వం పోయాక కూడా పాలుకు సేద్యం చేసిన నల్లవాళ్ళ తిండి చాలా ఏళ్ళు ఇంతే: కొవ్వు మాంసం, మొక్కజొన్న పిండి, మొలాసిస్.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పనివ్వండి, పంతుళ్ళం కదా. వీపు కండ మెత్తన. తొందరగా ఉడుకుతుంది, ఎక్కువసేపు ఉంచితే పీచుపీచై ఎండిపోతుంది. పక్కటెముకల కండ అట్లా కాదు. ఆ కండ నిండా, ఎముకను పట్టుకున్న చోటల్లా కొలాజెన్ అనే గట్టి పీచు ఉంటుంది. పెద్ద మంట మీద గబగబా ఉడికిస్తే చెప్పు తోలు నమిలినట్టుంటుంది. చిన్న సెగ మీద గంటలకొద్దీ ఉంచితే ఆ పీచే కరిగి జిగురవుతుంది. పులుసు చిక్కబడేదీ, పెదాలు అంటుకునేదీ దానివల్లే. మూలుగ బొక్క, కాళ్ళ పులుసు వండే మన అవ్వలకు కొలాజెన్ పేరు తెలియదు, పని తెలుసు. పారేసిన ముక్కను రుచి చేసింది మసాలా కాదు, నిదానం. ఆ నిదానం వెనుక ఎవరో ఒకరి మేలుకొన్న రాత్రి ఉంటుంది.

ఈ కరెంటు కుండ కథ కూడా వినండి. దాన్ని చేసినాయన పేరు ఇర్వింగ్ నాక్సన్, యూదుడు. యూదుల మతం ప్రకారం శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం రాత్రిదాకా పొయ్యి ముట్టించకూడదు, వంట చేయకూడదు. అందుకని తూర్పు యూరప్‌లో వాళ్ళు శుక్రవారం సాయంత్రం మాంసం, చిక్కుడు గింజలు, దుంపలు కుండలో వేసి ఊరి రొట్టెలబట్టీ వాడి దగ్గర పెట్టేవాళ్ళు. ఆరిపోతున్న బట్టీ వేడి మీద తెల్లవార్లూ ఉడికేది. చోలెంట్ అంటారు దాన్ని. లిథువేనియాలోని విల్నాలో అట్లా వండుకున్న సంగతి నాక్సన్ తన ఇంటి ఆడవాళ్ళ నోట విన్నాడు. బట్టీ బదులు కుండ చుట్టూ కరెంటు తీగ పెడితే సరి కదా అనుకుని 1936లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1940లో వచ్చింది. ఆయన అసలు ఇంటిపేరు నాఖుమ్సోన్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ పేరులా వినిపిస్తుందని కుదించుకున్నారు. పట్నంలో అద్దె ఇల్లు దొరకడానికి ఇంటిపేరు మింగేసే మనోళ్ళు గుర్తొచ్చారా? 1970లో కాన్సాస్ సిటీలోని రైవల్ అనే కంపెనీ ఆయన దగ్గర దాన్ని కొని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. ఆ రోజుల్లో అమెరికాలో ఆడవాళ్ళు పెద్ద ఎత్తున ఉద్యోగాలకు పోతున్నారు. పొద్దున పడేసి పోతే సాయంత్రానికి కూర అవుతుందని విపరీతంగా కొన్నారు.

మనకు ఇది కొత్తా? దాలి గుర్తుందా? గుంతలో పిడకల నిప్పు, మీద పాలకుండ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాగే పాలు. పేడ ఎత్తింది, పిడక కొట్టింది మన అమ్మలు. పాలు మాత్రం పెద్దింట్లోవి. మన ఇళ్ళల్లో పాలదాలి ఎన్ని ఉండేవో చేతులెత్తండి చూద్దాం. వెట్టి రోజుల్లో మనకు పడ్డ వంతు గొడ్డు చస్తే ఈడ్చుకెళ్ళడం. తోలు తీసి చెప్పులు, మోట తొండాలు కుట్టి ఇవ్వాలి. మాంసం మన వంతు. ఆ మాంసాన్ని తునకలు చేసి ఎండబెట్టి, చింతపులుసులో వేసి నిప్పుల మీద పెట్టి పొలం పోయేవాళ్ళు.

అయితే కూర ఒక్కటే కాదు, హోటలూ ఉంది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అని 1926 నుంచి నడిచిన హోటల్. పనివాళ్ళు 36 మంది, మూడింట రెండు వంతులు నల్లవాళ్ళు. కానీ నల్లవాడు వచ్చి లోపల కూర్చుని తినడానికి లేదు. పొట్లం కట్టించుకుని బయటికి పోవాలి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. మా హోటలు మా ఇష్టం అని యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఏడాది డిసెంబరు 14న అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలంతా ఏకమాటగా, కుదరదు, కూర్చోబెట్టాల్సిందే అన్నారు. సౌత్ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే బార్బెక్యూ హోటళ్ళ యజమాని ఇంకో అడుగు ముందుకేసి, తెల్లా నల్లా కలిసి తినడం నా మతానికి విరుద్ధమన్నాడు. 1968లో అదే కోర్టు ఆ వాదనలో పస లేదని కొట్టిపారేసింది. వండే చెయ్యి ముట్టుకోవచ్చట, తినే చెయ్యి పక్కన ఉండకూడదట. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన మనకు ఇందులో తెలియని ముక్క ఒక్కటుందా?

డబ్బు సంగతీ చెప్పాలి. 1910 నుంచి 1970 దాకా అరవై లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది వదిలి పట్నాలకు వలసపోయారు. పక్కటెముకల వంట వాళ్ళతోనే పోయింది. కాన్సాస్ సిటీలో హెన్రీ పెర్రీ అనే నల్ల ఆయన 1900ల మొదట్లో నిప్పుల మీద కాల్చిన మాంసం పాత పేపర్లో చుట్టి కూలీలకు అమ్మాడు. ఆ ఊరి బార్బెక్యూకు ఆద్యుడు ఆయనే. ఇప్పుడు అమెరికా కొట్లల్లో సీసాల్లో దొరికే తియ్యని కాన్సాస్ సిటీ సాస్ ఎవరి పేరున పెరిగింది? 1977లో ఒక తెల్ల డాక్టరు కేసీ మాస్టర్‌పీస్ అని పెట్టి, 1986లో క్లోరాక్స్ వాళ్ళ కంపెనీకి అమ్ముకున్నాడు. ఆ డాక్టరు దొంగ అని మేము అనం. కానీ పెర్రీ తర్వాత గుంతల దగ్గర పొగ పీల్చిన వాళ్ళలో సీసా మీదికి ఎక్కిన వాళ్ళెందరు? మన డప్పు, మన చెప్పు కథే.

ఇక అసలు చిక్కు. దొర పారేసిన తిండిని మన సంస్కృతి అని మోయాలా, వద్దా? నల్లవాళ్ళలోనే రెండు మాటలున్నాయి. 1960లలో సోల్ ఫుడ్ అని పేరు పెట్టి గర్వంగా చెప్పుకున్నారు. అదే కాలంలో నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఎలైజా మొహమ్మద్, పందిమాంసం బానిస తిండి, వదలండి అని గట్టిగా చెప్పాడు. మన బాబాసాహెబ్ 1927 మార్చిలో మహద్‌లో, చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి మెతుకులు ముట్టకండి అన్నారు. అదే బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ళ పుట్టుక మీద రాసిన పుస్తకంలో, అంటరానితనానికి గొడ్డుమాంసం తినడంతో ఉన్న ముడిని విప్పి చూపారు. ఈ రెండూ కలిపి చదవాలి. కొందరు మొదటిది పట్టుకుని పెద్దకూర తినేవాణ్ణి చిన్నచూపు చూస్తారు. మనలో ఉద్యోగాలొచ్చిన వాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. పక్కింటికి వాసన పోతుందని కిటికీలు మూసి వండుకుంటారు. మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న తునకల డబ్బా పెట్టె అడుగున, బట్టల కింద దాచుకున్నాం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు బహిరంగంగా పెద్దకూర పండగ చేస్తే వాళ్ళ మీద దాడులు జరిగాయి. దాచుకున్న తరం మాది, దాచుకోని తరం వాళ్ళది.

మా అభిప్రాయం చెప్తాం. చచ్చిన గొడ్డును ఈడ్చి తినడం వంటా కాదు, సంస్కృతీ కాదు, అది వెట్టి. దానికి డప్పు కొట్టొద్దు. మన కష్టంతో కొన్నది, మనకు నచ్చినది తింటే అడిగే హక్కు ఎవడికీ లేదు. మానుకున్న వాణ్ణి కూడా అడగొద్దు. బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టిన ఇద్దరిలో ఒకడు బాబీ సీల్. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు తెచ్చుకుంది ఆ పార్టీ నుంచే. వాళ్ళు 1969 నుంచి పేద పిల్లలకు పొద్దుటి తిండి ఉచితంగా పెట్టారు. అదే బాబీ సీల్ 1988లో బార్బెక్యూ వంటల పుస్తకం రాసి అచ్చు వేయించాడు. తుపాకీ పట్టినాయన గరిటె పట్టాడని ఎగతాళి చేసిన వాళ్ళుండొచ్చు. మాకైతే ఆ వంటల పుస్తకం కూడా ఉద్యమ పుస్తకమే అనిపిస్తుంది.

సరే, వండే తీరు. అడిగారు కాబట్టి చెప్తున్నాం. కిలోన్నర పక్కటెముకలు. లోపలి వైపు పల్చని పొర ఉంటుంది, గుడ్డతో పట్టి లాగేయండి, లేకపోతే ఉప్పూ కారం పట్టవు. ఉప్పు, కారం, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి రుద్దండి. అడుగున ఉల్లిపాయలు, మీద ఎముకలు. ఒక గ్లాసు టమాటా గుజ్జు, అర గ్లాసు బెల్లం తురుము, అర గ్లాసుకు తక్కువగా వెనిగర్, కాస్త ఆవపొడి కలిపి పొయ్యండి. వెనిగర్ లేకపోతే చింతపండు రసం, అదే మాకు ఎక్కువ నచ్చింది. నీళ్ళు పొయ్యొద్దు, మాంసమే వదులుతుంది. చిన్న సెగ మీద ఏడెనిమిది గంటలు. మూత ఊరికే తీసి చూడొద్దు, తీసినప్పుడల్లా వేడి పోయి ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యం. చివర రసం వేరే గిన్నెలో వంచి, చిక్కబడేదాకా మరిగించి ఎముకలకు పూసి, నిప్పుల మీద రెండు వైపులా చూపండి. ఆ మాడు వాసన లేకపోతే ఉడకబెట్టినట్టే ఉంటుంది. ఐస్‌లో గడ్డకట్టిన మాంసం నేరుగా వేయొద్దు. మధ్యలో కరెంటు పోయి గంటలకొద్దీ రాకపోతే ఆ కూర తినొద్దు. రాజ్మా గింజలు వేసేవాళ్ళు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించాకే అందులో వేయాలి. లేదంటే వాంతులు పట్టుకుంటాయి.

ఈ కుండ రెండు వందల వాట్లది, ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్లు దాటి కాలుతుంది. కొనమని చెప్పడం లేదు. మట్టికుండ, పిడకల బూడిద నిప్పు ఉంటే నాలుగైదు గంటల్లో అదే పని అవుతుంది. ప్రెషర్ కుక్కర్లో ముప్పావు గంట, రుచి కాస్త తక్కువ. నాటుకు పోయే అక్కలకు మాత్రం తేడా తెలుస్తుంది. పొద్దున నాలుగింటికి లేచి వండి, పొలం పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ఊదే మనిషికి, ఇంటికొచ్చేసరికి కూర అయి ఉండడం చిన్న సంగతి కాదు.

కుండను ఇక్కడి మహిళా సంఘం గదిలో వదిలి వెళ్తున్నాం. ఎవరికి కావాలంటే వాళ్ళు పుస్తకంలో పేరు రాసి తీసుకుపోవచ్చు. సంఘం అక్కలు పెట్టిన షరతు ఒకటుంది, అది మేమూ ఒప్పుకున్నాం: ఆదివారాల్లో ఉల్లిపాయలు కోసి కుండ నింపేది మగవాళ్ళు. మొదటి ఆదివారానికి పేరు రాయించుకునే వాళ్ళు ఇప్పుడే లేవండి.